ఒక సంచి పోతే ఇంగ్లీషులో ఎన్ని మాటలు

(తిరుపతిలో ఇంగ్లీషు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ముందు వరసలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసంటే మనకు ఎందుకో అంత భయం. రండి, రండి. నేనేం ప్రశ్నలు అడగను.

నాకిచ్చిన అంశం వినగానే మీలో కొందరు నవ్వారు, చూశాను. దొంగతనాలు, దోపిడీలు, విధ్వంసాలు, వీటి తాలూకు ఇంగ్లీషు మాటలు. పిల్లలకు నేర్పాల్సిన మాటలేనా ఇవి అని ఇందాక ఒక సార్ అడిగారు కూడా. ఏం సార్, పొద్దున్నే పేపరు తెరిస్తే జిల్లా ఎడిషన్‌లో ఈ మాటలు కాక ఇంకేమున్నాయి? ఎర్రచందనం దుంగలు పట్టివేత, తాళం వేసిన ఇంట్లో చోరీ, మెడలో గొలుసు తెంపుకుని పరార్. సగం పేజీ ఇదే కదా.

మనం ఏం చేస్తామంటే, ఈ మాటలన్నిటినీ ఒక పట్టికలో వేస్తాం. థెఫ్ట్, రాబరీ, బర్గ్లరీ, లూట్, ప్లండర్, పిల్లేజ్. ఎదురుగా ఒకటే అర్థం, దొంగతనం. పర్యాయపదాలు, బట్టీ కొట్టండి. అయిపోయింది పాఠం. కానీ వీటిలో ఏ మాటా ఇంకో మాట కాదు. ఎవరు తీశారు, ఎట్లా తీశారు, ఎంతమంది కలిసి తీశారు, చూస్తుండగా తీశారా, చూడకుండా తీశారా, ఇదంతా మాటలోనే ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంటుంది. ఆ మాట రాసినవాడు ఎవరి పక్కన నిలబడి రాస్తున్నాడో, అది కూడా మాటలోనే ఉంటుంది. నాకు ఇవాళ చెప్పాలని ఉన్నది ముఖ్యంగా అదీ. కానీ నిదానంగా వద్దాం.

ఒక సంచి తీసుకుందాం. యాత్రికుడి సంచి. ఏముంటుంది అందులో? రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పసుపు గుడ్డలో ముడుపు కట్టిన డబ్బులు, దర్శనం టికెట్టు, ఆధార్ కార్డు, ఇంట్లో కలిపి తెచ్చుకున్న పులిహోర. అర్ధరాత్రి రైలు దిగాడు, స్టేషన్ ఎదుట గోడవారగా పడుకున్నాడు, సంచి తల కింద పెట్టుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే తల కింద సంచి లేదు, ఇటుక ఉంది. మెడ పట్టేస్తుందని పెట్టిపోయాడు కాబోలు, దయగల దొంగ. దీన్ని ఏమంటాం? థెఫ్ట్. బెదిరింపు లేదు, కొట్టింది లేదు. మనిషికి తెలియకుండా వస్తువు కదిలింది. చట్టంలో కూడా అంతే, కదిలించడమే ప్రధానం. పాత పీనల్ కోడ్‌లో సెక్షన్ 378, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303.

అదే సంచి భుజాన తగిలించుకుని బస్టాండు వైపు నడుస్తున్నాడు. బైకు మీద ఇద్దరొచ్చి లాక్కుపోయారు. ఇది స్నాచింగ్. 1860 నాటి పీనల్ కోడ్‌లో స్నాచింగ్ అని పేరుపెట్టి విడిగా సెక్షన్ లేదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 304 అని కొత్తగా పెట్టారు. దేశంలో ఎన్ని మెడల్లో గొలుసులు తెగితే ఆ సెక్షన్ పుట్టిందో ఆలోచించండి.

సరే. అదే మనిషి, అదే సంచి. సందులో ఒకడు కత్తి చూపించి తీసుకున్నాడు. ఇప్పుడది రాబరీ. భయమో, దెబ్బో తోడైతే థెఫ్ట్ కాస్తా రాబరీ అయిపోతుంది. సెక్షన్ 309. ఆ కత్తి పట్టినవాడి వెనక ఇంకో ముగ్గురున్నారు, మొత్తం నలుగురు. అప్పుడూ రాబరీనే. అయిదో మనిషి వచ్చి చేరాడు. డెకాయిటీ! 310. అయిదుగురు, అంతకు పైన ఉంటే డెకాయిటీ. 1860 నుంచి ఇవాల్టిదాకా ఆ అయిదు అనే లెక్క మారలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి, వైష్ణవ పెద్దలెవరైనా ఉంటే మన్నించాలి. తిరుమంగై ఆళ్వార్ కథ మీకందరికీ తెలుసు. భాగవతులకు రోజూ అన్నం పెట్టాలన్న సంకల్పంతో ఉన్నదంతా ఖర్చయిపోయి, చివరికి దారికాచి దోచిన మహానుభావుడు. ఆయనకు నలుగురు అనుచరులు. ఒకడు నీళ్ళ మీద నడిచేవాడు, ఒకడు నీడలో కలిసిపోయేవాడు, ఒకడు నోటితో ఊదితే తాళాలు ఊడిపోయేవి, ఇంకొకడు వాదనలో ఎవరి చేతా ఓడనివాడు. పోలీసు భాషలో చెప్పాలంటే ఆ మూడోవాడు బర్గ్లర్, నాలుగోవాడు ఆ ముఠాకి వకీలు. నలుగురూ, ఆళ్వార్ ఒకరూ, లెక్కవేయండి. అయిదు! పెళ్ళికొడుకు వేషంలో వచ్చిన సాక్షాత్తు పెరుమాళ్ళనే ఆపి నగలు వొలిచారు. స్వామివారు కంప్లయింటు ఇవ్వలేదు, చెవిలో మంత్రం చెప్పి వదిలేశారు. ఇచ్చి ఉంటే మాత్రం డెకాయిటీ కిందే రాసుకోవాలి.

నవ్వులకేంగానీ మళ్ళీ సంచి దగ్గరికి రండి. సంచి నువ్వే తెచ్చి మా చేతిలో పెట్టు, లేకపోతే నీ సంగతి చూస్తాం అన్నారు. వీడే వణుకుతూ తెచ్చి ఇచ్చాడు. ఎక్స్‌టార్షన్. అక్కడ వాళ్ళు తీసుకోలేదు, భయపెట్టి ఇప్పించుకున్నారు. కొండ దిగొచ్చేదాకా చూస్తుండన్నా అని టీకొట్టు ఆయనకు అప్పగించి పోయాడు, ఆయన వాడేసుకున్నాడు. దొంగతనం కాదది, నమ్మకద్రోహం, బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్. రోడ్డుమీద దొరికింది, ఎవరిదో తెలిసీ ఇవ్వకుండా ఉంచుకున్నాడు. అది మిస్‌అప్రాప్రియేషన్. చూశారా? సంచి ఒకటే, పులిహోర ఒకటే. మాట మాత్రం మారుతూనే ఉంది.

పిల్లలూ, ఇది రాసుకోండి. పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే. స్టీల్ అనే క్రియకు కర్మ వస్తువు. సంచిని స్టీల్ చేస్తారు. రాబ్ అనే క్రియకు కర్మ మనిషి, లేకపోతే చోటు. మనిషిని రాబ్ చేస్తారు, బ్యాంకును రాబ్ చేస్తారు. మనవాళ్ళు ఏం రాస్తారు? నా సెల్‌ఫోన్ రాబ్ చేశారు అని రాస్తారు. ఆ ఫోన్‌ను నిలబెట్టి దాని జేబులో డబ్బులు తీసుకున్నట్టు అర్థం వస్తుంది అప్పుడు. ఇంటిని స్టీల్ చేశారు అని రాస్తే, ఇల్లు పునాదితో సహా ఎత్తుకుపోయారని. తాళం పగలగొట్టి ఇంట్లో దూరితే బర్గ్లరీ. మనం కన్నం వేయడం అంటాం. పాత ఇంగ్లీషు చట్టంలో బర్గ్లరీ అంటే రాత్రిపూట మాత్రమే. పగలు దూరినవాడికి ఆ పేరు దక్కేది కాదు.

ఈ మాటల పాత కథలు వింటే భలే ఉంటాయి. రాబ్ అనే మాటకీ, ఆడపిల్లలు వేసుకునే రోబ్‌కీ, జడ్జీలు తొడుక్కునే రోబ్‌కీ మూలం ఒకటే. జర్మానిక్ భాషల్లో ఆ మూలానికి అర్థం దోచి తెచ్చిన సొత్తు. పూర్వం దోచేదేముంది? ఒంటిమీది బట్టలు. ఓడినవాడి బట్టలు వొలుచుకొచ్చేవాళ్ళు. ఆ సొత్తే బట్ట అయింది. ప్లండర్ సంగతీ అట్లాంటిదే. జర్మన్‌లో ఆ మాటకు ఇంట్లో ఉండే తట్టాబుట్టా, పాత గుడ్డలు, పరుపులు అని అర్థం. 1618 నుంచి 1648 దాకా అక్కడ ముప్ఫై ఏళ్ళ యుద్ధం జరిగింది. సిపాయిలకు జీతాల్లేవు. ఊరిమీద పడి దొరికిందల్లా, చెంబూ తపేలాతో సహా ఊడ్చుకుపోయారు. ఆ యుద్ధంలో పనిచేసి ఇంటికి తిరిగొచ్చిన ఇంగ్లీషు సిపాయిలు ఈ మాట వెంటతెచ్చుకున్నారు.

రాన్‌సాక్ ఇంకా విచిత్రం. పాత స్కాండినేవియా మాట. ఇల్లు, వెతకడం, ఈ రెండూ కలిపారు. మొదట దానర్థం చట్టబద్ధమైన సోదా. దొంగసొత్తు ఉందేమోనని ఇంట్లో వెతకడం. వెతికి వెతికి, వెతికేవాళ్ళే దోచడం మొదలుపెట్టారో ఏమో, ఇప్పుడు ఇల్లంతా చిందరవందర చేసి దోచుకోవడం అని అర్థం. సోదాకి వచ్చినవాళ్ళు వెళ్ళాక ఇల్లెట్లా ఉంటుందో చూసినవాళ్ళకు ఇదేం వింతగా ఉండదు.

ఇక బ్లాక్‌మెయిల్. ఈ మాట దగ్గర కొంచెంసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన జిల్లా కథ. మెయిల్ అంటే ఉత్తరం కాదండీ. స్కాట్లాండ్ మాటలో మెయిల్ అంటే కప్పం, శిస్తు. 16వ శతాబ్దంలో స్కాట్లాండుకీ ఇంగ్లండుకీ సరిహద్దుల్లో పశువులు తోలుకుపోయే ముఠాలుండేవి. రైతు దగ్గరికొచ్చి ఏడాదికింత కట్టు, నీ పశువుల జోలికి ఎవరూ రాకుండా మేం చూసుకుంటాం అనేవాళ్ళు. ఎవరూ అంటే ఎవరు? వాళ్ళే! ఆ వసూలుకి బ్లాక్‌మెయిల్ అని పేరు.

ఇప్పుడు మన పాళెగాళ్ళను తలుచుకోండి. పాకాల, కల్లూరు, పులిచెర్ల, మొగరాల, నరగంటి. మన చిత్తూరు పాళెగాళ్ళు. ఊళ్ళ నుంచి కావలి అనే రుసుం వసూలు చేసేవాళ్ళు. దారులు కాయడం, పంటలు కాయడం, దొంగల్ని పట్టడం వాళ్ళ బాధ్యత. సొత్తు పోయి దొరక్కపోతే కావలి తీసుకున్నవాడే పరిహారం ఇవ్వాలని ఒక కట్టుబాటు. ఇది పోలీసు పనా, బ్లాక్‌మెయిలా? రెండూ ఉంది. కావలి కట్టని ఊరిమీద రాత్రికి రాత్రి దొంగలు పడేవాళ్ళు, ఆ దొంగలు ఎవరి మనుషులో అందరికీ తెలుసు. కట్టిన ఊళ్ళో జనం తలుపులు బార్లా తీసి పడుకునేవాళ్ళు, అదీ నిజమే.

1801లో ఆర్కాటు నవాబు దగ్గర్నుంచి ఈ సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కంపెనీవాళ్ళకు పాళెగాడు కనిపించింది ఎట్లా? పీడించి వసూలు చేసేవాడిగా. 1804లో, 5లో చిత్తూరు పాళెగాళ్ళు తిరగబడితే సైన్యం దిగి అణిచేసింది. కావలి పోయింది. వసూలు పోయిందా? పోలేదు. కంపెనీ చేసే వసూలుకి రెవిన్యూ అని పేరు. పాళెగాళ్ళంతా దేవుళ్ళని నేననడం లేదు, మా తాతల కాలందాకా ఊళ్ళల్లో వాళ్ళ ఆగడాలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. నేనడిగేదల్లా, జనం దగ్గర ఇద్దరూ వసూలు చేస్తే, ఒకడిది ఎక్స్‌టార్షన్, ఇంకొకడిది రెవిన్యూ ఎట్లా అయింది?

ఇట్లాంటిదే ఇంకొకటి, దీనికంటే పెద్దది. లూట్. ఇది మన మాటే. సంస్కృతంలో లుంఠనం, హిందీలో లూట్, మనకు లూటీ. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు పుస్తకాలకెక్కింది. థగ్ మనదే. డెకాయిట్ మనదే. గుర్రాల మీదొచ్చి ఊళ్ళు దోచే పిండారీ మనదే. 1830ల్లో స్లీమన్ అనే అధికారి థగ్గుల మీద పెద్ద వేట నడిపాడు, దానికోసం 1836లో చట్టమే తెచ్చారు. గొంతుకు రుమాలు బిగించి బాటసారుల్ని చంపేవాళ్ళు నిజంగానే ఉండేవాళ్ళు, కాదనలేం. అయినా గమనించండి. ముతక పనులకు ఇక్కడి మాటలు తీసుకున్నారు. మరి వాళ్ళు చేసినదానికి ఏ మాట?

హైదరాలీ చనిపోయింది ఎక్కడో తెలుసా? మన చిత్తూరు దగ్గరే. నరసింగరాయనిపేట దగ్గర దండులో, 1782 డిసెంబరు 7న. ఆయన కొడుకు టిప్పు. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట పడిపోయింది, టిప్పు చనిపోయాడు. ఆ రాత్రంతా కంపెనీ సిపాయిలు ఊరిమీద పడ్డారు. ఇళ్ళన్నీ దోచారు. మర్నాడు ఆర్థర్ వెల్లస్లీ అనే ఇంగ్లీషు సైన్యాధికారి అధికారం తీసుకుని, కొందరిని ఉరితీయించి, కొందరిని కొరడాలతో కొట్టించి అదుపు చేశాడు. ఎందుకు ఉరి? ప్లండర్ చేసినందుకు.

బాగుంది. తర్వాతేమైంది? ఖజానా లెక్కపెట్టడానికి ఒక కమిటీ కూర్చుంది. దాని మనుషులకు ప్రైజ్ ఏజెంట్లు అని పేరు. టిప్పు బంగారు సింహాసనాన్ని ముక్కలుగా కొట్టారు, పంచుకోవడానికి వీలుగా ఉంటుందని. జనరల్ గారికి ఇంత, కర్నల్ గారికి ఇంత, సిపాయికి ఇంత, హోదాను బట్టి వాటాలు. ఆ సింహాసనం పులితల ఇప్పటికీ ఇంగ్లండు రాజకుటుంబం దగ్గర ఉంది. దీనికి పేరేంటి? ప్రైజ్ మనీ. ప్రైజ్! బళ్ళో పరుగుపందెంలో మనకిచ్చే ప్రైజ్ వేరు, దాని పుట్టుక వేరు. ఈ ప్రైజ్‌కి ఫ్రెంచిలో అర్థం పట్టుకున్నది, తీసుకున్నది అని. స్పెల్లింగు మాత్రం ఒకటే, వినడానికి బహుమతి లాగానే ఉంటుంది. అదే ఊరు, అదే సొత్తు. చీకట్లో ఒక్కడు తీసుకుంటే ప్లండర్, ఉరి. పగలు టేబుల్ వేసుకుని, రసీదులు రాసుకుని తీసుకుంటే ప్రైజ్. వినండి, మళ్ళీ చెప్తాను. రసీదు ఉంటే ప్రైజ్.

మొదట్లో లూట్ అంటే ఆ మాటలో కొంత సిగ్గు ఉండేదేమో, పోనుపోను అదీ పోయింది. 1860 అక్టోబరులో ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు బీజింగులో చైనా చక్రవర్తి వేసవి భవనాన్ని దోచాయి, తర్వాత ఎల్గిన్ ప్రభువు ఆజ్ఞమీద ఇంగ్లీషు సైన్యం దాన్ని తగలబెట్టింది. అక్కడ దొరికిన పెకినీస్ కుక్కపిల్లల్లో ఒకదాన్ని విక్టోరియా మహారాణికి కానుకగా ఇచ్చారు. రాణిగారి కోటలో దాన్ని పెంచారు, బొమ్మ గీయించారు. ఆ కుక్కకి పెట్టిన పేరేంటో తెలుసా? లూటీ. అవును, లూటీ. రా లూటీ, కూర్చో లూటీ. మన మాటే.

కొంచెం నీళ్ళు ఇవ్వండి నాయనా.

ఇంగ్లీషువాణ్ణి అంటున్నాం గానీ మనమేం తక్కువా? మోసానికి తెలుగువాడికి మాటలిచ్చిన ఊరు ఏదో తెలుసా? ఇదే. మన తిరుపతే! ఎవడైనా అప్పు ఎగ్గొడితే ఏమంటాం? పంగనామం పెట్టాడు. టోపీ వేస్తే? శఠగోపం పెట్టాడు. డబ్బు మొత్తం పోతే? గోవిందా! కమిటీ డబ్బులు తినేస్తే? కైంకర్యం చేశాడు. కొట్టువాడు ఎక్కువ రేటు తీసుకుంటే? గుండు కొట్టాడు. స్వామి సన్నిధిలో ఉన్న పవిత్రమైన మాటలన్నీ తెచ్చి మోసానికి వాడుకున్న జాతి మనది. గుండు కొట్టడానికి ఇంగ్లీషులో సరిగ్గా సరిపోయే మాట ఉంది, ఫ్లీస్. గొర్రె బొచ్చు కత్తిరించడం. వాళ్ళకు గొర్రెలున్నాయి, మనకు కళ్యాణకట్ట ఉంది.

గుడి ప్రస్తావన వచ్చింది కాబట్టి, సాక్రిలేజ్. ఇప్పుడు అపచారం అనే అర్థంలో వాడుతున్నాం. లాటిన్‌లో అసలర్థం గుడిసొమ్ము దొంగిలించడం. అపచారం తర్వాత వచ్చి చేరిన అర్థం. ఈ మాట గురించి ఇంతకంటే మాట్లాడితే రాజకీయం అవుతుంది, వదిలేద్దాం.

విధ్వంసం మాటలు త్వరగా చెప్పేస్తాను, టైం చూసుకోమని సైగ చేస్తున్నారు. డిమాలిష్ అంటే కావాలని కూల్చడం. మున్సిపాలిటీ జేసీబీ తెచ్చి పడగొడితే డిమాలిష్. గాలివానకి గోడ పడితే అది డిమాలిషన్ కాదు. డెసిమేట్ అంటే సర్వనాశనం అని రాస్తున్నారు పేపర్లలో. వాడుక అట్లా స్థిరపడింది గానీ, రోమన్ సైన్యంలో అది పదిమందిలో ఒకడికి మరణశిక్ష. వాండలిజం, ఆస్తులు ధ్వంసం చేయడం. వాండల్స్ అనే జాతి 455లో రోము నగరాన్ని దోచింది. దోచింది గానీ, ఊరు తగలబెట్టొద్దన్న పోపు మాట విన్నారని అంటారు. వాళ్ళకంటే ఘోరం చేసినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు, పేరు మాత్రం వీళ్ళకు అంటుకుంది. అదీ ఎప్పుడు? 1794లో, ఫ్రెంచి విప్లవంలో జనం శిల్పాలు పగలగొడుతుంటే గ్రెగ్వార్ అనే మతగురువు వాండలిజం అనే మాట పుట్టించాడు. పదమూడు వందల ఏళ్ళ తర్వాత!

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైన మాట రావేజ్. ఫ్రెంచిలో లాక్కుపోవడం అనే క్రియలోంచి వచ్చింది, ముఖ్యంగా వరద చేసే నష్టానికి వాడేవాళ్ళు. 2021 నవంబరులో మనమంతా చూశాం కదా. స్వర్ణముఖి పొంగడం, వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళవాళ్ళు గుట్టలెక్కి కూర్చోవడం. ఆ వరద వెళ్ళాక ఇంట్లో ఏం మిగిలింది? బియ్యం డబ్బాలో బురద. గ్యాస్ సిలిండరు రెండు వీధుల అవతల. పిల్లల సర్టిఫికెట్లు ఫైలుతో సహా ముద్ద. దొంగలు పడిన ఇంట్లోనైనా అటక మీద పాత్రలు మిగులుతాయి. ఆ రోజుల గురించి ఇంగ్లీషులో వ్యాసం రాయమంటే డ్యామేజ్ అని రాయకండమ్మా, అది చాలదు. రావేజ్ అని రాయండి.

చివరిగా ఒక్కటి. డిగ్రీ పిల్లలకు, వాళ్ళ ప్రాజెక్టులు దిద్దే అయ్యవార్లకు. ప్లేజియరిజం. నెట్‌లో చూసి దించేసి మీ పేరు పెట్టుకుంటారే, అది. లాటిన్‌లో ఆ మాటకు మనుషుల్ని ఎత్తుకుపోయేవాడు అని అర్థం. ఒకటో శతాబ్దంలో మార్షల్ అనే రోమన్ కవి ఉండేవాడు. ఆయన పద్యాలు ఇంకొకడు తనవేనని చదువుకుంటూ తిరిగాడు. నా పద్యాలు నా చేతిలో విడుదలైన బానిసల్లాంటివి, వాటిని వీడు మళ్ళీ ఎత్తుకుపోయాడు అని కవిగారు మండిపడ్డాడు. అంటే మీరు దించింది పేజీలు కాదు, ఎవరి పిల్లల్నో. ఆ నాలుగో వరసలో అబ్బాయి ఎందుకు తల దించుకున్నాడో నాకు తెలియదు, నేనేం అడగను.

ఇంకో పది నిమిషాలు ఉందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ వెనకున్న మేడమ్‌కి ఇవ్వండి, ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉన్నారు.